వెనకనుంచి తోసే కారు: తలకిందుల సలహాలు

రెండు తలుపుల కారు కొంటున్నానని ఇంట్లో చెప్పిన రోజున సలహాలు నాలుగు వైపుల నుంచీ వచ్చిపడ్డాయి. పికప్ గట్టిగా ఉన్నది చూసుకోమన్నాడు తమ్ముడు. టైర్లు వెడల్పువి వేయించుకోమన్నాడు బావ. గేర్లు మార్చలేక ట్రాఫిక్కులో చస్తావు, ఆటోమేటిక్ తీసుకో అంది స్నేహితురాలు. ఆ ఆలోచనే మానుకుని క్యామ్రీ కొనుక్కోమ్మా అన్నారు మావయ్య. అందరూ నా మంచి కోరేవాళ్ళే. ఎనిమిదేళ్ళు ఆ కారు నడిపాక, ఆ నాలుగు సలహాలకీ ఎదురు వెళ్ళమనే మీకు చెబుతున్నాను.

నేనుండేది నార్త్ కరోలైనాలో, ర్యాలీ పక్కన కేరీలో. నా కారు 2013 మోడల్ సైయన్ ఎఫ్ఆర్-ఎస్, సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. అమెరికాలో 2016 దాకా దానికి ఆ పేరు. జపాన్‌లో టయోటా 86, యూరప్‌లో జీటీ86, కవల పిల్ల సుబారు బీఆర్‌జెడ్. పేర్లెన్ని ఉన్నా అవన్నీ జపాన్‌లోని గున్మా రాష్ట్రంలో, ఓటా ఊళ్ళో ఉన్న సుబారు ఫ్యాక్టరీలో పుట్టినవే. 2012లో వచ్చినప్పుడు ఇక్కడ కొత్తదాని ధర సుమారు 25 వేల డాలర్లు. వెనక చక్రాలు తోసే స్పోర్ట్స్ కూపే మామూలు ఉద్యోగికి అందే ధరలో దొరకడం అప్పటికే అరుదైపోయింది.

ముందు ఆ తోయడం సంగతి. ఇవాళ మనం నడిపే కార్లలో చాలావాటిని ముందు చక్రాలే లాగుతాయి. మారుతి 800 నుంచీ మనకి అలవాటైన పద్ధతి అదే. ఆ ముందు చక్రాలే లాగాలి, అవే దారి తిప్పాలి. టైరుకున్న పట్టు నెల జీతం లాంటిది. లాగడానికి ఎంత ఖర్చుపెడితే మలుపు తిరగడానికి అంత తగ్గుతుంది. వెనక చక్రాలు తోసే బండిలో ఖర్చులు పంచుకుంటారు: ముందువాళ్ళు దారి చూసుకుంటారు, వెనకవాళ్ళు తోపుడు చూసుకుంటారు. అందుకే దాని స్టీరింగ్ చేతికి అంత తేటగా ఉంటుంది. అంబాసిడర్ కూడా వెనకనుంచి తోసే బండే. గుంటూరులో పొగాకు వ్యాపారి దగ్గర ఇరవయ్యేళ్ళు అంబాసిడర్ నడిపిన మా నాన్నకి ఈ కారు గురించి నేను చెప్పాల్సిందేమీ లేకపోయింది.

ఇక మొదటి సలహా. బలం తక్కువున్నదే కొనండి. ఇందులో 1998 సీసీ ఇంజను, 200 హార్స్‌పవర్. అదే టయోటా షోరూములో ఆ రోజుల్లో అమ్మిన వీ6 క్యామ్రీకి 268. అంటే పిల్లల్ని స్కూల్లో దింపి వచ్చే కారు మిమ్మల్ని సిగ్నల్ దగ్గర దాటి పోతుంది. పోనివ్వండి. 435 హార్స్‌పవర్ ఉన్న మస్టాంగ్‌లో మీరు ఎక్సిలేటర్ పూర్తిగా తొక్కగలిగే చోటు మామూలు రోడ్డు మీద ఎక్కడుంది? మూడు సెకన్లు తొక్కితే టికెట్టు, ఆరు సెకన్లు తొక్కితే కోర్టు. బండిలో మీరు వాడుకోలేని బలమంతా కొని బీరువాలో పెట్టుకున్న పట్టుచీర. నాకు రోజూ కట్టుకునే నేతచీర కావాలి.

ఈ మాట గాల్లో చెప్పడం లేదు. మా దగ్గర కొండల మీద బ్లూ రిడ్జ్ పార్క్‌వే అని 469 మైళ్ళ రోడ్డుంది, వేగం హద్దు 45 మైళ్ళు. నా కారు మూడో గేరులో 45 మీద ఉంటే ఇంజను దాదాపు 3900 ఆర్‌పీఎం తిరుగుతుంది. ఈ ఇంజనుకి 3500 నుంచి 4500 మధ్య ఒక గొయ్యి ఉంది, అక్కడ లాగుడు చచ్చుబడుతుంది. కొన్నవాళ్ళందరూ ఫిర్యాదు చేసేది దాని మీదే. కొందరు వేలు పోసి సైలెన్సర్ గొట్టాలు మార్పించి, కంప్యూటర్ సెట్టింగులు మార్పించి ఆ గొయ్యి పూడ్పిస్తారు. మీరు పూడ్చకండి. అదే 45 మీద రెండో గేరుకి దిగండి. ఇంజను 5500కి ఎగబాకుతుంది, గొయ్యి వెనకపడుతుంది, బండి ప్రాణం లేచొచ్చి హద్దు దాటకుండానే మలుపు మలుపుకీ మీతో మాట్లాడుతుంది. ఆ గొయ్యి లేకపోతే గేరు ఎప్పుడు మార్చాలో నాకు ఈ జన్మకి తెలిసేది కాదు. 2022లో వచ్చిన కొత్త జీఆర్86లో ఇంజను 2387 సీసీ, 228 హార్స్‌పవర్. టార్క్ 3700 దగ్గరే నిండుగా వస్తుంది, గొయ్యి లేదు. నడిపి చూశాను, చాలా మంచి కారు. అయినా మొదటిసారి కొనేవాళ్ళకి పాతదే చెబుతాను.

రెండోది, టైర్లు మార్చకండి. ఈ కారుకి కంపెనీ వేసినవి 215 మిల్లీమీటర్ల సన్న టైర్లు, ప్రియస్‌కి వేసిన మిషెలిన్ ప్రైమసీ రకమే. స్పోర్ట్స్ కారుకి పెట్రోలు పొదుపు కారు టైర్లేమిటని బావ ఇప్పటికీ దెప్పుతాడు. టయోటా తరఫున ఈ కారు చేయించిన చీఫ్ ఇంజనీరు టెత్సుయా తాదా పట్టుబట్టింది సరిగ్గా అందుకే. టర్బో వద్దు, నాలుగు చక్రాలకీ తోపుడు వద్దు, రోడ్డుకి అతుక్కుపోయే టైర్లు వద్దు అన్నాడాయన. పట్టు తక్కువున్న టైరు జారబోయే ముందు చాలాసేపు చెబుతుంది. స్టీరింగ్ తేలిక పడుతుంది, టైరు సన్నగా మూలుగుతుంది, సీటు కింద వెనక భాగం మెత్తగా కదులుతుంది. అది కూడా తక్కువ వేగంలోనే. అతుక్కుపోయే వెడల్పు టైరు ఏమీ చెప్పదు, చెప్పేసరికి మీరు వేగంలో ఉంటారు. రోడ్డు మీద నేర్చుకునేవాళ్ళకి ముందుగా హెచ్చరించే టైరే పెద్ద భద్రత.

ఇది చవక టైర్లు వేసుకోమనడం కాదు. అరిగినవి, పాతబడినవి ఒక్క రోజు కూడా ఉంచకండి. టైరు పక్కన అంకెల్లో చివరి నాలుగూ చూడండి: 2319 అంటే 2019లో 23వ వారం చేసింది. ఇంకొక మాట, వేసవి టైర్లు 7 డిగ్రీల సెల్సియస్ కింద బిరుసెక్కిపోతాయి. మంచు పడే ఊళ్ళో ఉంటే చలికాలం టైర్లు విడిగా కొనండి. మంచులో వెనక చక్రాల బండి నడవదనేవాళ్ళు చాలామంది వేసవి టైర్లతో నడిపినవాళ్ళే.

కొనేటప్పుడు మైలేజీ తక్కువున్నదాని వెంట పడకండి. షెడ్డులో ఐదేళ్ళు దుప్పటి కప్పుకుని పడుకున్న 20 వేల మైళ్ళ కారు కంటే, ఒక్కరే ఓనరు, ఆయిలు మార్పించిన ప్రతి బిల్లూ దాచుకున్న 90 వేల మైళ్ళ కారు మేలు. టర్బో బిగించి ఉంటే ఎంత చవకైనా వద్దు. రంగు వెలిసిపోయినా, బంపరు గీసుకుపోయినా ఫరవాలేదు, దాన్ని చూపించి బేరమాడండి. నేను వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని అమ్మేవాళ్ళకి ముందే చెప్పి, వెళ్ళగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే ఎందుకో అడగండి. ఇంజను ఆడుతుంటే దానికి పెట్రోలు అందించే పంపు దగ్గర్నుంచి కీచురాళ్ళ చప్పుడు రావచ్చు, ఈ బళ్ళలో చాలావాటిలో వినపడేదే. ఇంజను వేగంతో పాటు పెరిగే టకటక కింద నుంచి వస్తే మాత్రం ఇంకేమీ మాట్లాడకుండా తిరిగొచ్చేయండి. 2013 మోడల్ బళ్ళకి వాల్వు స్ప్రింగుల కోసం 2018లో రీకాల్ వచ్చింది. దాన్ని బాగుచెయ్యాలంటే ఇంజను బయటికి తియ్యాలి. ఆ పని అయిందా, అయ్యాక బండి ఎలా నడిచింది అన్నది కాగితం మీద చూసుకోండి. ఇన్సూరెన్స్ ఎంతో బేరం కుదరకముందే కనుక్కోండి, కూపే అనగానే అంకె మారుతుంది. పెట్రోలు ఖరీదైన రకమే పొయ్యాలి, కంప్రెషన్ 12.5, అక్కడ పొదుపు వద్దు.

గేర్ల బండే తీసుకోండి. ట్రాఫిక్కులో ఎడమ కాలు నొప్పి పుడుతుంది, నిజం. రోజూ ఆఫీసుకి అరగంట క్లచ్ తొక్కినవాళ్ళకే ఆదివారం కొండ మీద ఆ కాలు చెప్పిన మాట వింటుంది. మనకొక చిక్కు కూడా ఉంది. గుంటూరులో ఎడమ చేత్తో మార్చిన గేర్లు ఇక్కడ కుడి చేత్తో మార్చాలి. మొదటి నెలంతా నా ఎడమ చెయ్యి తలుపుని గుద్దుకుంది. నెల దాటాక రెండు చేతులకీ పని వచ్చింది.

ఇక మావయ్య క్యామ్రీ మాట. ఇద్దరే ఉన్న ఇంట్లో దీన్ని ఒకే ఒక్క కారుగా ఉంచండి. ఆదివారం కారుగా పెట్టుకుంటే బ్యాటరీ దిగిపోతుంది, మీ చేతి పనితనం దిగిపోతుంది. వెనక సీట్లు పేరుకే సీట్లు, మా తమ్ముడి మోకాళ్ళు గడ్డానికి తగుల్తాయి. కానీ వాటిని మడిస్తే నాలుగు టైర్లు పట్టే చోటుంటుంది. అమ్మ వచ్చినప్పుడు 23 కిలోల పెట్టెలు రెండూ, ఆవకాయ జాడీలున్న మూడో సంచీ అందులోనే సర్దాను. నాన్న మాత్రం మావయ్య క్యామ్రీలో వచ్చారు. చంటిపిల్లలున్న ఇంటికి ఈ సలహా పనికిరాదు. వెనక్కి తిరిగుండే పిల్లల సీటు పెడితే ముందు కూర్చునేవాళ్ళకి చోటు ఉండదు.

నేర్చుకోవడం గురించి ఇంకొంచెం చెప్పాలి. ఈ కారుకి 86 అన్న పేరు 1983 నుంచి 87 దాకా వచ్చిన పాత కరోలా ఏఈ86 నుంచి వచ్చింది. ఆ పాత బండిని ప్రపంచానికి తెలిసేలా చేసింది షుయిచి షిగెనో 1995లో మొదలుపెట్టిన ఇనీషియల్ డి అనే బొమ్మల కథ. అందులోని కొండ కూడా గున్మాలోని హరునా కొండకి ప్రతిరూపమే. ఈ కారు పుట్టిన రాష్ట్రమే అది. అందులో కుర్రాడు తెల్లవారుజామున టోఫు చేరవేస్తూ, గ్లాసులో నీళ్ళు తొణక్కుండా కొండ దిగుతాడు. దాన్ని చూసినవాళ్ళందరూ జారడం నేర్చుకోబోతారు. మీరు గ్లాసు సంగతి నేర్చుకోండి. ఇంకా మంచి సాధనం కావాలంటే మీ అమ్మని పక్కన కూర్చోబెట్టుకోండి. మా అమ్మ తిరుమల ఘాట్ ఎక్కేటప్పుడు చేతిలో నిమ్మకాయ పట్టుకుని వాసన చూస్తూ కూర్చునే మనిషి. పార్క్‌వే మీద కూడా పట్టుకుంది. మొదటిరోజు నాలుగో మలుపుకే ఆపమంది. నేను బ్రేకు ఒక్కసారిగా వదులుతున్నాను, ఎక్సిలేటర్ మీంచి కాలు ఒక్కసారిగా ఎత్తుతున్నాను. అమ్మ కడుపులో తిప్పినదే టైర్ల దగ్గరా జరుగుతోంది. బరువు ముందుకి, వెనక్కి విసురుగా పోతోంది. తడి రోడ్డు మీద మలుపు మధ్యలో కాలు ఎత్తేస్తే బరువు ముందుకి దూకి, వెనక చక్రాలు తేలికై జారిపోతాయి. వెనక చక్రాల బళ్ళు గోడలెక్కడానికి పెద్ద కారణం అదే. బ్రేకు మలుపుకి ముందే, తిన్నని రోడ్డు మీదే పూర్తి చేసి, కాలు నెమ్మదిగా ఎత్తుతూ స్టీరింగ్ తిప్పడం అలవాటయ్యేసరికి వారం పట్టింది. ఆ వారం చివర నిమ్మకాయ అమ్మ ఒళ్ళో ఉంది, అమ్మ నిద్రపోతోంది. నాకెవరిచ్చిన సర్టిఫికెట్టూ దాని ముందు చాలదు.

వాన పడితే కారు లోపల పెట్టకండి, బయటికి తీయండి. రోడ్డు మీదికి కాదు, నేర్పే చోటికి. ఎస్‌సీసీఏ అనే స్పోర్ట్స్ కార్ల సంఘం ఖాళీ పార్కింగుల్లో కోన్లు పెట్టి ఆటోక్రాస్ నడుపుతుంది. ఒక్కో కారునే వదులుతారు, ఒక్కో విడత నిమిషం లోపే, కోను పడితే రెండు సెకన్ల జరిమానా. నేను మొదటిసారి వెళ్ళింది వాన రోజున, పడగొట్టినవి ఐదు. జారినప్పుడు కళ్ళు వెళ్ళాలనుకున్న చోటికి తిప్పితే చేతులు వాటంతటవే అటు తిరుగుతాయన్న మాట పది పుస్తకాల్లో చదివాను. ఆ తడి పార్కింగులో రెండో విడతలో అది ఒంటికి తెలిసింది. రోడ్డు మీద మాత్రం, బండి స్థిరత్వం కాపాడే ఏర్పాటుని ఆపేసే బటన్ జోలికి వెళ్ళకండి. 2012 మోడళ్ళ నుంచీ ఆ ఏర్పాటు ప్రతి కారుకీ తప్పనిసరి అని అమెరికా చట్టం పెట్టింది.

కొండకి వెళ్ళేముందు పార్క్‌వే ఏ భాగం తెరిచి ఉందో చూసుకోండి. మంచు పడితే గేట్లు వేస్తారు, 2024 సెప్టెంబరులో హెలీన్ తుఫాను కొన్ని ముక్కల్ని పాడుచేసింది కూడా. పొద్దున్నే వెళ్ళండి, ఎనిమిది దాటితే టూరిస్టులు.

చలి ఉదయాల్లో ఇంజనాయిల్ వేడెక్కేదాకా 4000 దాటించకండి. ఈ బండిలో చలికి రెండో గేరు మొండికేస్తుంది, తోసి వెయ్యకండి. నవంబరులో ఒక పొద్దున నాన్నని పక్కన కూర్చోబెట్టుకుని వీధి చివరిదాకా వెళ్ళేసరికి అది గరగరమంది. నాన్న లివరు వైపు చూడను కూడా లేదు. "రెండోది ఇంకా లేవలేదమ్మా. మొదట్లోంచి మూడులో వెయ్యి, నాలుగు వీధులు తిరిగాక అదే వస్తుంది" అన్నారు. నాలుగు వీధులు తిరిగాక వచ్చింది.