రక్తం తీస్తారంట, వీపు చూడరంట!

మా రోజుల్లో తల్లి రొయ్యకు గుడ్డు పట్టిందో లేదో చెప్పడానికి ల్యాబూ లేదు, రిపోర్టూ లేదు. మైపాడు, ఇసకపల్లి వైపు పడవలు ఒడ్డుకొస్తే టైగర్ రొయ్యను పట్టుకుని వెలుతురుకు అడ్డంగా పెట్టేవాళ్లం. డొప్ప కింద వీపు పొడవునా ముదురాకుపచ్చ చార కనపడాలి. సన్నగా ఉంటే ఇంకా టైముంది. తల దాటగానే మొదటి కణుపులో ఆ చార డైమండులా రెండు పక్కలకీ ఉబ్బిందంటే, ఆ రాత్రే లక్షల గుడ్లు. అట్లాంటి తల్లికి ఒక్కోసారి వేలు పలికేది.

మొన్న మా మేనల్లుడు, హేచరీలో సూపర్‌వైజరు, వచ్చి పాఠం చెప్పాడు. "విదేశాల్లో స్టర్జన్ చేపకు రక్తం తీసి చూస్తారు మామా, మనం కూడా రొయ్యలకు మొదలెట్టాలి" అని. నిజమే, కేవియర్ ఇచ్చే ఆ చేపకు ఒళ్లంతా ఎముక పలకలే, లోపలేముందో బయటికి తెలీదు. గుడ్డు కట్టడానికి ఏళ్లు పడుతుంది. అందుకని రక్తంలో ఈస్ట్రడయాల్, విటెల్లోజెనిన్, దాంతోపాటు పెరిగే కాల్షియం చూస్తారు. విటెల్లోజెనిన్ అంటే గుడ్డులో పచ్చసొనకు ముడిసరుకు. అది రొయ్య రక్తంలోనూ పెరుగుతుంది, కాదనను. కానీ వీపు మీదే కనపడేదానికి కాలి మొదట్లో సూది గుచ్చడమెందుకయ్యా?

ఈ హేచరీ కుర్రోళ్లు తల్లి రొయ్యకు ఒక కన్ను కాడ తీసేస్తారు, ఎందుకో అడిగితే నోరు మెదపరు. గుడ్డు ఎదగకుండా ఆపే హార్మోను ఆ కాడలోనే తయారవుతుందిరా అంటే ఫోనులో వెతుకుతారు!

ఒక్కటి మాత్రం ఒప్పుకుంటా. 1994-95లో తెల్లమచ్చ జబ్బొచ్చి చెరువులు ఊడ్చేసినప్పుడు, బయటికి బాగానే కనిపించే తల్లిలో వైరస్ ఉందని ఏ కన్నూ పట్టలేకపోయింది. దానికి పీసీఆర్ పరీక్షే కావాలి. 2009 నుంచి వనామీ రకం తల్లి రొయ్యలు హవాయి లాంటి చోట్ల నుంచి విమానంలో వచ్చి, చెన్నై నీలాంగరై క్వారంటైన్‌లో పరీక్షలయ్యాకే హేచరీకి చేరుతున్నాయి. మంచిదే. కానీ ఆ పరీక్షల సర్టిఫికెట్ జబ్బు లేదని చెబుతుందే గానీ, ఈ రాత్రికి ఏది గుడ్డు పెడుతుందో చెప్పదు.

హేచరీలో చేరే అబ్బాయిలూ, సాయంత్రం ఫోను జేబులో పెట్టండి. టార్చి పట్టుకుని ట్యాంకులో దిగండి. వనామీకైతే చార నారింజ రంగులో ఉంటుంది, గుర్తుపెట్టుకోండి.