పాదరక్షా ప్రకాశిక

అవతారిక: పాదరక్ష కావ్యవస్తువు కాదగునా అని పూర్వపక్షం. కాదగును. వేదాంత దేశికులు శ్రీరంగనాథుని పాదుకల మీద 1008 శ్లోకాలు చెప్పారు. అక్కడ తొడిగిన పాదం అంతటిది. ఇక్కడ తొడిగేది మన పాదం కనుక ఒక్క ఆటవెలదితో సరి.

ఆ.వె.
నాలుకుండుగాని నయముగా పలుకదు
కన్నులుండుగాని కానలేదు
మడమ పట్టి నిలుపు మన్నులో నడయాడు
జోడు వీడి నడవ జూడదెపుడు

ప్రతిపదార్థం: నాలుక = లేసుల కింద పాదం మీద పరుచుకునే పట్టీ, అనగా టంగు; నయముగా పలుకదు = కొత్తలో కిర్రుమనును; కన్నులు = లేసు దూర్చు రంధ్రములు, అనగా ఐలెట్లు; కానలేదు = కావుననే బస్సులో పక్కవాడి కాలు తొక్కును; మడమ పట్టి నిలుపు = వెనుక గోడలో దాగిన గట్టి అట్ట, అనగా కౌంటరు, దాని పని చెప్పబడినది; మన్నులో నడయాడు = అడుగు అట్ట, అనగా సోలు, దాని పాట్లు చెప్పబడినవి; జోడు = రెండవ కాలిది.

పాఠాంతరం: కొన్ని ప్రతులలో 'మాలులో నడయాడు' అని ఉన్నది. ఇది నగరవాసుల పాఠం. గణం గానీ యతి గానీ చెడలేదు కనుక త్రోసిపుచ్చలేము.

తాత్పర్యం: బూటుకు అంగాలున్నవి, ఒక్కొక్క అంగానికీ ఒక్కొక్క పని ఉన్నది. రంగూ ధరా మాత్రమే చూసి కొనేవాడు పద్యం చదవక అట్ట చూసి పుస్తకం కొన్నవాడే.

విశేషాలు: కవి చెప్పక విడిచినవి రెండు. వేళ్ళను కప్పే ముందుభాగం వ్యాంపు. మడమను చుట్టి ఇరుపక్కలా ముందుకు వచ్చేది క్వార్టరు. శాస్త్రమంతా ఈ రెంటి సంధిలోనే ఉన్నది. క్వార్టరు అంచులు వ్యాంపు కిందికి పోయి కుట్టుపడితే ఆక్స్‌ఫర్డు, పైకి వచ్చి కుట్టుపడితే డెర్బీ. మొదటిది లేసు బిగించగానే అంచులు కలిసి మూసుకుంటుంది, రెండవది రెక్కలు విచ్చి చోటిస్తుంది. వెడల్పు పాదం గలవారు, పాదం పైభాగం ఎత్తుగా ఉన్నవారు డెర్బీనే ఆశ్రయించాలి.

శంక: చిల్లుల పూలపని గల బ్రోగు మూడవ జాతి కాదా? సమాధానం: కాదు. ఆ చిల్లులు ఆక్స్‌ఫర్డుకూ ఉండవచ్చు, డెర్బీకీ ఉండవచ్చు. అలంకారాన్ని ఛందస్సని భ్రమపడరాదు.

మరల శంక: లోఫరుకు లేసు లేదు, కన్నులూ లేవు. హవాయి చెప్పుకు నాలుక కూడా లేదు, ఉంగటమే సర్వస్వం. పద్యానికి అవ్యాప్తి దోషం రాదా? సమాధానం: వచ్చును. కవి ఆఫీసు ఉద్యోగి అయి ఉండును.

సంఖ్యా విచారం: 'ఎనిమిదో నంబరు' అంటే ఏమి ఎనిమిది? మన దుకాణాల్లో సాధారణంగా నడిచేది బ్రిటిష్ లెక్క. అందులో ఒక్కొక్క నంబరుకు తేడా ఒక బార్లీ గింజ, అనగా అంగుళంలో మూడో వంతు. పెద్దల నంబరుకు 25 కలిపి 3తో భాగిస్తే, బూటు కుట్టే అచ్చు పొడవు అంగుళాల్లో వస్తుంది. 8కి 25 కలిపితే 33, దానిలో మూడో వంతు 11. పాదం అంతకంటె పొట్టిదే. వేళ్ళు ఆడే ఖాళీ కూడా ఈ లెక్కలోనిదే. ఐరోపా లెక్కలో మెట్టు సెంటీమీటరులో మూడింట రెండు వంతులు కనుక అదే జోడు అక్కడ 42 అవుతుంది. కొన్నవాడు నంబరు మారెనని కంగారుపడరాదు.

కుట్టు విచారం: గుడ్‌ఇయర్ వెల్టు పద్ధతిలో పైతోలునూ లోపలి అట్టనూ ఒక సన్నని పట్టీకి కుట్టి, ఆ పట్టీకే అడుగు అట్టను వేరే కుట్టుతో కలుపుతారు. సోలు అరిగితే దానినే మార్చుకోవచ్చు. గమ్ముతో అంటించిన చౌకరకం వానాకాలంలో నోరు తెరుస్తుంది. పాపం, నాలుక ఉన్నందుకు నోరు అప్పటికి దక్కుతుంది.

ఫలశ్రుతి: ఈ వ్యాఖ్య చదివినవారు అంగట్లో జోడు తిరగేసి ముందు కుట్టు చూస్తారు, తరువాత ధర అడుగుతారు. ఐతే కుట్టు చూసి జోడు ఎంచగల రసజ్ఞులు గుడి మెట్ల దగ్గర కూడా తిరుగుతుంటారు. కనుక దర్శనానికి హవాయి చెప్పులే శ్రేయస్కరం.