గెజిట్

చుండూరులో కరెంటు పోయిన సాయంత్రం. అరుగు మీద కూర్చుని, లా చదివే మనవడు సెల్‌ఫోన్ వెలుతురులో పరీక్ష పాఠం వల్లె వేస్తున్నాడు. పక్కనే నులక మంచం మీద తాత.

"ఇందాకట్నించీ రక్షణలు, రక్షణలంటున్నావు. ఎవరికిరా?"

"అంతర్జాతీయ సంస్థలకి తాతా. పటాన్‌చెరులో ఇక్రిశాట్ ఉందిగా, జొన్నా కందీ శనగల మీద పరిశోధన చేసేది. ఐక్యరాజ్యసమితి కోసమని మనవాళ్ళు 1947లో ఓ చట్టం చేశారు. 1972లో ఇక్రిశాట్ పెట్టినప్పుడు గెజిట్‌లో ప్రకటన వేసి, ఆ రక్షణలే దానికీ ఇచ్చారు. దాన్ని కోర్టుకి లాగడానికి లేదు. ఆవరణలో సోదాల్లేవు. పనికోసం తెప్పించుకునే సరుకు మీద సుంకం లేదు."

"పన్లోంచి తీసేస్తేనో?"

"అలా తీసేసిన ఒకాయన సుప్రీంకోర్టు దాకా వెళ్ళాడు. ఆ సంస్థ మీద రిట్ చెల్లదని 2003లో తేల్చేశారు."

"ఇదెక్కడి న్యాయంరా?"

"అట్టా కాదు తాతా. అడుగుపెట్టిన ప్రతి దేశంలోనూ కోర్టుల చుట్టూ తిరిగితే ఇక పనేం చేస్తారు? పైగా ఆ రక్షణ మనుషుల సొంతానికి కాదు, సంస్థ పనికి. న్యాయానికి అడ్డం పడితే ఎత్తెయ్యాలని ఐక్యరాజ్యసమితి 1946 ఒడంబడికలోనే ఉంది."

(కాగితం మీద బాగానే ఉంటుంది.)

తాత కాసేపు మాట్లాడలేదు. చీకట్లోనే రక్తక్షేత్రం వైపు చూస్తూ కూర్చున్నాడు. 1991 ఆగస్టు 6న నరికేసిన ఎనిమిది మంది దళితుల సమాధులు అక్కడే. శవాల్ని తుంగభద్ర డ్రెయిన్లోంచి వెతికి తీశారు. ఈ ఊరు కోర్టుకి వెళ్ళలేదు, కోర్టే ఊళ్ళోకొచ్చి కూర్చుంది. 2007లో నిందితుల్లో 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు వేసింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందర్నీ నిర్దోషులంది. కేసు సుప్రీంకోర్టుకెక్కింది.

కరెంటొచ్చింది. మనవడు పుస్తకం తెరిచాడు.

"ఒరే అబ్బాయ్, ఆ గెజిట్ ఉందా నీ దగ్గర?"

"ఎందుకు తాతా?"

"మనూళ్ళో వాళ్ళ పేర్లు గూడా అందులో వేశారేమో, ఓసారి చూసి చెప్పు."