మూడు పడకగదుల ఫ్లాట్‌లో కలంకారీ స్టూడియో

ఇంట్లో కలంకారీ స్టూడియో పెట్టాలనుకునేవాళ్ళలో చాలామంది మొదటి అడుగే తప్పు వేస్తారు. ముందు పని నేర్చుకుందామని కూర్చుంటారు. శ్రీకాళహస్తి కలంకారీ కళాకారుడు జొన్నలగడ్డ గురప్పచెట్టి గారు తండ్రి దగ్గర నేర్చుకుని, ఆ గుడ్డల మీదే బతుకంతా గడిపాక 2008లో పద్మశ్రీ వచ్చింది. మనకంత తీరిక ఎక్కడిది? ముందు స్టూడియోకి పేరు పెట్టండి. పేరులో ‘వర్ణ’ ఉంటే మంచిది. తర్వాత ఒక గోడకు మట్టిరంగు వేయించి, రింగ్ లైటు కొని, చెవి వెనక కలం పెట్టుకుని ఫొటో దిగండి. సగం పని అయిపోయినట్టే.

గదిలోకి ఎండ రాకూడదు. ఎండ వస్తే గుడ్డ ఆరుతుంది, ఆరితే తర్వాతి పని మొదలెట్టాలి. ఏసీ ఉన్న పడకగదే శ్రేష్ఠం. గుడ్డ అంటారా, పాలిస్టర్ తీసుకోండి, ముడతలు పడదు. వేర్లతో, కాయలతో చేసిన రంగులు దానికి అంటుకోవంటారు. అంటుకోకపోతే మరీ మంచిది, ఒక్క ఉతుకుతో చీర మళ్ళీ కొత్తదైపోతుంది.

లేదు, నూలు గుడ్డే కావాలని పట్టుబడితే ఇక పాల గొడవ వస్తుంది. శ్రీకాళహస్తిలో గుడ్డను కరక్కాయ పొడి కలిపిన గేదె పాలలో ముంచి, పిండి, ఎండబెడతారు. పాలలోని వెన్న రంగును గీసిన చోటే పట్టి ఉంచుతుందట. మీ ఇంట్లో కొలెస్ట్రాల్ ఉన్నవాళ్ళ కోసం తెప్పించే వెన్న తీసిన ప్యాకెట్ పాలు ఉండనే ఉన్నాయి, అవి పోయండి. కృష్ణుడి కిరీటం రంగు పాకి పక్కనున్న ఆవు మూతిదాకా వెళ్తుంది. దాన్ని ఆధునిక కళ అని చెప్పి వెయ్యి రూపాయలు ఎక్కువ అడగండి.

నల్లరంగుకు కసిమి కావాలి. తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్ళు కుండలో వేసి రెండు మూడు వారాలు పులియబెడతారు. ఆ నీళ్ళు కరక్కాయ పట్టిన గుడ్డకు తగలగానే నలుపెక్కుతాయి. మీరు కుండ జోలికి పోకండి. కూల్‌డ్రింకు సీసాలో పోసి, మూత గట్టిగా బిగించి, వంటగదిలో పొయ్యి పక్కన పెట్టండి. రంగు సిద్ధమైన రోజు మీరు చూసుకోనక్కర్లేదు, పై అంతస్తువాళ్ళే పరుగెత్తుకొచ్చి చెబుతారు.

వెదురు పుల్ల చివర చెక్కి, దానికి ఉన్ని చుట్టి, దారం కట్టి, ఆ ఉన్నిని వేళ్ళతో నొక్కుతూ రంగు దింపడం పాతకాలం పద్ధతి. పిల్లల స్కెచ్ పెన్నులున్నాయి కదా.

ఇక ఎరుపు దగ్గరే అనుభవం లేనివాళ్ళు భయపడతారు. ఎర్రగా కావలసిన చోట పటిక నీళ్ళు పూసి, ఒక రోజు ఆరనిచ్చి, పారే నీళ్ళలో జాడించాలి. అదనపు పటిక కొట్టుకుపోవాలి, పక్కన అంటుకోకూడదు. అందుకే పారే నీళ్ళు. ఆ తర్వాత రాగి కాగులో చిరివేరో మంజిష్ఠో వేసి కాగిస్తే పటిక ఉన్నచోటే ఎరుపు తేలుతుంది. వినడానికే ఆయాసంగా లేదూ? శ్రీకాళహస్తి పక్కనున్న స్వర్ణముఖిలో నీళ్ళు లేని రోజుల్లో అక్కడి కళాకారులే తిప్పలు పడతారు, మియాపూర్‌లో నాలుగో అంతస్తున మీకు నది ఎవరు తెస్తారు? ఒకే బకెట్లో, బోరు నీళ్ళలో, చీర మొత్తం కుక్కి రాత్రంతా వదిలేయండి. పటిక అంతటా సమానంగా పడుతుంది. సమానత్వం మంచిదే. ఆపైన ఇనుప మూకుడులో కాగించండి. ఇనుము తగిలి ఎరుపు కాస్తా నల్లబడితే ‘యాంటిక్ ఫినిష్’ అని చీటీ అంటించండి. అత్తగారు ఆ మూకుడులో మర్నాడు పకోడీలు వేయబోతే మాత్రం ఆపండి. ఈ ఒక్క సలహా నిజంగానే పాటించండి.

ఇంత చేసినా చీర అమ్ముడుపోకపోతే సులువైన దారి ఉంది. మిల్లులో స్క్రీన్ ప్రింటు వేసిన గుడ్డ టోకున తెచ్చి, ‘చేతి కలంకారీ’ అని అమ్మండి. ఇప్పుడు బజారులో ఎంతోమంది చేస్తున్నదీ ఇదే, మిమ్మల్ని ఎవరూ ప్రత్యేకంగా తిట్టరు. కాకపోతే కొందరు పెద్దవాళ్ళు ఉంటారు, చీర చేతికివ్వగానే తిరగేసి చూస్తారు, గీత సన్నబడి లావెక్కిందా లేదా అని వేలు పెట్టి వెతుకుతారు, వాసన కూడా చూస్తారు. అలాంటివాళ్ళకు ఆన్‌లైన్‌లోనే అమ్మండి.

అన్నట్టు, అసలు లాభం చీరల్లో లేదు, శిక్షణలో ఉంది. రెండు రోజుల వర్క్‌షాపు, మధ్యాహ్నం భోజనం, చివర్లో సర్టిఫికెట్. పటిక పూసి ఆరనివ్వడానికే ఒక రోజు పడుతుంది కాబట్టి వచ్చినవాళ్ళెవరూ ఎరుపు మొహం చూడకుండానే వెళ్ళిపోతారు. ఫీజు మాత్రం మొదటి రోజు పొద్దున్నే తీసుకోండి.