ఆరోగ్యం మీది, ఆదాయం మాది

2024 అక్టోబరు చివర్లో తెలంగాణ సర్కారు పచ్చిగుడ్డు మయోనైజ్‌ను ఏడాదిపాటు నిషేధించింది. అంతకుముందే హైదరాబాదులో మయోనైజ్‌తో మోమోలు తిన్నవాళ్లు ఆస్పత్రుల పాలయ్యారు, ఒకావిడ చనిపోయింది. షవర్మా ప్రియుల మనోభావాలు దెబ్బతింటాయని సర్కారు సందేహించలేదు. ‘తినేవాడి ఇష్టం, మధ్యలో మీరెవరు?’ అనే వాదనకు చెవి ఒగ్గలేదు. ప్రాణం ముందు, రుచి తర్వాత అనేసింది. భేష్! వంక పెట్టడానికేమీ లేదు.

ఏడాది తిరిగేసరికి అదే సర్కారు 2,620 మద్యం దుకాణాలకు దరఖాస్తులు పిలిచింది. ఫీజు 2 లక్షల నుంచి 3 లక్షలకు పెంచింది. లాటరీలో పేరు రాకపోతే ఆ డబ్బు తిరిగి రాదు. అక్టోబరు 18తో ముగియాల్సిన గడువును 23 దాకా జరిపింది. సర్కారు దవాఖానాలో ఓపీ చీటీ వేళ దాటితే కిటికీ మూసేస్తారు గానీ, వైన్ షాపు దరఖాస్తుకు మాత్రం అయిదు రోజులు అదనం! దుకాణాల్లో గౌడలకు 15, ఎస్సీలకు 10, ఎస్టీలకు 5 శాతం రిజర్వేషన్. కౌంటరుకు ఇవతల నిలబడేవాళ్లలో ఈ కులాలవాళ్లు ఎప్పటినుంచో ఉన్నారు కాబట్టి, సామాజిక న్యాయం అవతలికి కూడా చేరిందన్నమాట. సీసా మూత తీయకముందే దరఖాస్తు ఫీజుల మీదే ఖజానాకు 2,800 కోట్ల పైచిలుకు వచ్చిపడింది.

మరి ఇక్కడ ప్రజారోగ్యం ఏమైంది స్వామీ అంటే, ఏలినవారు ఉన్నట్టుండి తత్వవేత్తలైపోతారు. నిషేధిస్తే నాటుసారా వస్తుందంటారు. తాగేవాడి ఇష్టాన్ని ఏ చట్టం ఆపగలదని నిట్టూరుస్తారు. గుడ్డుసొన దగ్గర కొరడా పట్టిన చెయ్యి, క్వార్టర్ సీసా దగ్గరికొచ్చేసరికి నమస్కారం పెడుతుంది. మయోనైజ్ వ్యాపారులకు ఉచిత సలహా ఒకటుంది. తలా మూడు లక్షలు తిరిగిరాని ఫీజు కడతామని, కలెక్టర్ల సమక్షంలో లాటరీ తీయమని, సరుకంతా సర్కారు డిపో నుంచే కొంటామని అర్జీ పెట్టుకోండి. తెల్లారేసరికి పచ్చిగుడ్డులోని సాల్మొనెల్లా క్రిమి వ్యక్తిగత స్వేచ్ఛ అయి కూర్చుంటుంది.

ఢిల్లీ పెద్దలదీ ఇదే వైద్యం. 2019లో ఈ-సిగరెట్లను నిషేధించారు, పిల్లలు పాడైపోతారని. అసలు సిగరెట్‌కు మాత్రం 2016 నుంచి డబ్బా మీద 85 శాతం మేర పుండు బొమ్మ వేయించి ఊరుకున్నారు. ఆరోగ్యానికి 85 శాతం, స్వేచ్ఛకు మిగతా 15. పన్ను మాత్రం డబ్బా మొత్తానికి!

ఇక ఆంధ్రప్రదేశ్‌లో పేదవాడి కాలేయానికి దొరికిన ఆదరణ ఇంకెక్కడా దొరకదు. 2019లో దశలవారీ మద్యనిషేధమని గెలిచినవాళ్లు దుకాణాలను తామే పెట్టి ధరలు పెంచారు. ఎందుకయ్యా అంటే, ఖరీదైతే పేదవాడు మానేస్తాడట. మానేస్తాడన్న నమ్మకం ఎంతుందో 2022లో తెలిసింది. మద్యం అమ్మే కార్పొరేషన్ బాండ్లు జారీచేసి ఎనిమిది వేల కోట్లకు పైగా అప్పు తెచ్చింది. అవతల నిషేధం మాట, ఇవతల జనం తాగుతూనే ఉంటారని అప్పులవాళ్లకు పూచీ. 2024లో వచ్చినవాళ్లు దుకాణాలను ప్రైవేటుకిచ్చి 99 రూపాయలకే క్వార్టర్ తెచ్చారు. ఎందుకయ్యా అంటే, పేదవాడు నాసిరకం తాగి పాడైపోకూడదట. అంటే ధర పెరిగినా అతని ఆరోగ్యం కోసమే, తగ్గినా అతని ఆరోగ్యం కోసమే. అతను తాగడం మాత్రం ఖజానా ఆరోగ్యం కోసం.

ఇంతకీ ఇక్కడ ఎవరి ఇష్టం గురించి మాట్లాడుతున్నాం? కూలి డబ్బు ఇంటికి రాకముందే బెల్టుషాపులో ఆగిపోతే, ఆ ఇంటి ఇల్లాలిని ఇష్టమేమిటని ఎవరడిగారు? 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు ఎవరూ అడక్కుండానే తమ ఇష్టం చెప్పారు. సారా దుకాణాలు మూయించారు, వేలంపాటలు అడ్డుకున్నారు. ఆ వేడికి 1993లో సారా పోయింది, 1995లో మద్యమంతా పోయింది. 1997లో ఖజానాకు నీరసం రాగానే సీసా మళ్లీ వచ్చేసింది. మత్తుపానీయాల నిషేధానికి రాజ్యం పాటుపడాలని రాజ్యాంగం 47వ అధికరణం చెబుతూనే ఉంది. ఆదేశిక సూత్రం కాబట్టి దాన్ని చూపించి కోర్టులో నిలదీయలేమని ఏలినవారికి బాగా తెలుసు.

సరే, నిషేధం వద్దు. మీరు చెప్పే స్వేచ్ఛ మీదే నిలబడదాం. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో మత్తు సరుకుల అమ్మకాన్ని కట్టడి చేసే అధికారం 1996 నాటి పెసా చట్టం గ్రామసభలకు ఇచ్చింది. ఆ అధికారాన్ని అక్కడ నిజంగా అమలు చేయండి, మైదానంలోని ఊళ్లకూ ఇవ్వండి. దుకాణం కావాలా వద్దా అని ఆడవాళ్లను చెయ్యెత్తమనండి. తాగేవాడికి ఇష్టం ఉన్నట్టే, వద్దనేవాళ్లకూ ఉంటుంది కదా! అందుకూ ఫీజు పెడతామంటారా, పెట్టండి. పొదుపు సంఘాలవాళ్లు చందాలేసుకుని కడతారు. తిరిగి ఇవ్వకపోయినా పరవాలేదు.