జమ ఎడమవైపు, ఖర్చు కుడివైపు

విజయవాడ వన్‌టౌన్‌లో, పుస్తకాలు కుట్టే చిన్న కొట్లో పుట్టాను. ఎర్ర గుడ్డ అట్ట, పొడుగాటి కాగితాలు. ఎడమవైపు జమ, కుడివైపు ఖర్చు. నా తోడబుట్టినవన్నీ కిరాణా కొట్లకూ ధాన్యం మిల్లులకూ వెళ్లాయి. నన్ను మాత్రం పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన ఒక అమ్మగారు కొనుక్కుంది. మొదటి పేజీ మూలలకు పసుపు రాసి, పైన ‘శ్రీ’ చుట్టి, సూట్‌కేసులో పెట్టింది. అలా 2024లో, ఎండలు ముదరక ముందే ఆరిజోనాలోని చాండ్లర్‌లో ఆవిడ కొడుకింటికి చేరాను. ఇంటెల్ ఫ్యాక్టరీలున్న ఊరు, తెలుగు ఇళ్లకు కొదవలేదు.

అందరూ కలిసి తిరిగి రావడానికి క్యాంపర్‌వ్యాన్ అద్దెకు తీసుకుందామన్నది కోడలు. అమ్మగారి భర్త మాస్టారికి షుగరు. వేళకు అన్నం, మాటిమాటికీ బాత్రూం, మధ్యాహ్నం కాసేపు నడుం వాల్చడం తప్పదు. అవన్నీ వెంట తీసుకెళ్లే బండి అయితేనే ఆయన రాగలరు. కనుక ఈ ప్రయాణం విలాసమని నేను ఏనాడూ అనుకోలేదు.

చేతిలో ఎంతుందో అమ్మగారు ముందు అడగలేదు. “ఎవరికేం చూడాలనుందో చెప్పండి, రాసుకుంటా” అంది. తనకు గ్రాండ్ క్యాన్యన్. కోడలికి మాన్యుమెంట్ వ్యాలీ. కొడుక్కి జయాన్, బ్రైస్. మాస్టారు కాసేపు ఆగి, “ఎల్లోస్టోన్‌లో వేణ్నీళ్లు ఆకాశానికి చిమ్ముతాయట కదా” అన్నారు. అన్నీ రాసింది. లెక్క అక్కడే మొదలవుతుందని నా నమ్మకం. కోరికలు కాగితం మీదికి రాకపోతే, చివరికి గొంతు పెద్దదైన వాళ్ల కోరికే తీరుతుంది.

తర్వాత అంకెలు. బండి అద్దె రోజుకు 180 డాలర్లు. రోజుకు 100 మైళ్లు దాటితే ఆపైన మైలు మైలుకూ చార్జీ. బండి గ్యాలన్‌కు, అంటే సుమారు 3.8 లీటర్లకు, 15 మైళ్లు ఇస్తుంది. అద్దె రోజుల్ని బట్టి పెరుగుతుంది, పెట్రోలు దూరాన్ని బట్టి. ఒకటి త్వరగా తిరిగొచ్చెయ్యమంటుంది, ఇంకోటి ఎక్కువ తిరగొద్దంటుంది. రెండింటినీ ఒప్పించే దారి ఒక్కటే: దూరం తగ్గించి, దారిలో పోయే సమయాన్ని చూసేచోటే తనివితీరా గడపడం.

ఎల్లోస్టోన్ దగ్గర అమ్మగారి కలం ఆగింది. రానూపోనూ 1,700 మైళ్ల పైమాటే. గ్యాలన్ మూడున్నర డాలర్ల చొప్పున పెట్రోలుకు దాదాపు 400, అదనంగా నాలుగు రోజుల అద్దె 720. పైమైళ్ల చార్జీ ఇంకా కలపనేలేదు. డాలరుకు 83 రూపాయలేసి చూస్తే తొంభై వేలు దాటింది. ఆవిడ కొట్టెయ్యలేదు. నన్ను మాస్టారి ముందుకు జరిపి, “ఏమండీ, ఇది మీరే చెప్పాలి” అంది. ఆయన కళ్లజోడు సర్దుకుని రెండుసార్లు చదివారు. “నాలుగు రోజులు బండిలో కూచోడానికా ఇంత? చూసేదాని దగ్గరే కూచుందాం” అని ఆయనే అడ్డంగా గీత గీశారు. ఆ గీతంటే నాకు చాలా గౌరవం.

పార్కుల రుసుం, 2024 నాటి లెక్కన, తేలిగ్గానే తేలింది. గ్రాండ్ క్యాన్యన్, జయాన్, బ్రైస్ ఒక్కోదానికి బండికి 35 డాలర్లు, మూడింటికీ 105. అదే ఏడాది పాసు 80. అరవై రెండేళ్లు నిండిన పెద్దల పాసు పౌరులకూ గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకూ మాత్రమే. చుట్టపుచూపుగా వచ్చిన వీళ్లకు రాదు. అయినా కొడుకు పేరనున్న పాసే బండిలోని నలుగురికీ చెల్లింది. మాన్యుమెంట్ వ్యాలీలో ఆ పాసు పనికిరాదు. అది నవాజోల సొంత పార్కు, తలకు 8 డాలర్లు. అమ్మగారు ఆ 32 డాలర్లు విడిగా పద్దు రాసి, “వాళ్ల నేల, వాళ్లకే చెందాలి” అంది.

రాత్రి బస మాత్రం నన్ను ఆశ్చర్యపరిచింది. గ్రాండ్ క్యాన్యన్‌ను ఆనుకునే కైబాబ్ నేషనల్ ఫారెస్ట్ ఉంది. అక్కడ అనుమతించిన చోట 14 రోజుల దాకా రుసుం లేకుండా బండి ఆపుకోవచ్చు. కుళాయి ఉండదు, కరెంటు ఉండదు, చెత్త మనమే మోసుకుపోవాలి. అందుకని రెండు రాత్రులు అడవిలో గడిపితే మూడో రాత్రి డబ్బు కట్టే క్యాంపు. నీళ్లు నింపుకోవడం, వాడిన నీళ్ల ట్యాంకులు ఖాళీ చేసుకోవడం అక్కడే.

ఇక వంట. దాని గురించి చెప్పకుండా ఉండలేను. ఆ అడవి ఉన్న ఎత్తున, సుమారు 7,000 అడుగుల మీద, నీళ్లు 93 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరిగిపోతాయి. మామూలు గిన్నెలో కందిపప్పు ఓ పట్టాన మెత్తబడదు, ప్రొపేన్ ఖర్చవుతూనే ఉంటుంది. అమ్మగారు వెంట తెచ్చిన కుక్కర్ ఆ పద్దును కాపాడింది. బియ్యం, పప్పు, కందిపొడి, గోంగూర పచ్చడి చాండ్లర్‌లోనే కొన్నారు. పెట్రోలు ఫ్లాగ్‌స్టాఫ్‌లో నింపుకున్నారు. పార్కు గుమ్మం ముందు ఏదైనా ప్రియమే. రోడ్డు మీద 75 మైళ్ల వేగం అనుమతి ఉన్నా కొడుకు 65 దాటలేదు. ఎత్తయిన బండి, వేగం పెరిగేకొద్దీ గాలిని తోసుకుపోవడానికే పెట్రోలు తాగేస్తుంది.

ఒక పద్దు మీద మాత్రం అమ్మగారు బేరమాడనివ్వలేదు: తమ ఇద్దరి వైద్య బీమా. “ఇంత ఖరీదైనది ఎందుకురా” అని మాస్టారు గొణిగితే, “ఇక్కడ అంబులెన్సు ఎక్కితే ఎంతవుతుందో మీకు తెలియదు మామయ్యా” అంది కోడలు. పాత జబ్బులకు చాలా పాలసీలు వర్తించవని చదివి, షుగరు మందులు రెండు సంచుల్లో సర్దింది. బీమా కింద ‘అవాంతరాలు’ అని ఇంకో పద్దు. టైరు పేలినా, బండి లాగించుకు రావాల్సి వచ్చినా అందులోంచే.

బ్రైస్ చేరిన రాత్రి మబ్బు కమ్మింది. నక్షత్రాలు ఎంతో స్పష్టంగా కనిపిస్తాయనే 2019లో బ్రైస్‌ను అంతర్జాతీయ డార్క్ స్కై పార్కుగా గుర్తించారు. మర్నాడే బండి తిరుగుముఖం పట్టాలి. అప్పటిదాకా ‘అవాంతరాలు’ పద్దు ముట్టుకోలేదు. అమ్మగారు నన్ను తెరిచి, “ఒరే, బండివాళ్లకు ఫోన్ చేసి ఇంకో రోజు అడుగు” అంది. వాళ్లు సరేనన్నారు. ‘అవాంతరాలు’ నుంచి 180 తీసి, ఖర్చు వైపు రాసింది: మాస్టారికి నక్షత్రాలు.