అరికాలికి పని చెప్పండి

మూడు నెలల కింద ఒకరోజు పొద్దున్నే డోన్‌లో కాలేజీ గ్రౌండు గట్టు మీద కూర్చుని ఉన్నాను. కానిస్టేబుల్ సెలక్షన్లకు తయారవుతున్న పిల్లోడొకడు వచ్చి పక్కన కూలబడ్డాడు. లాంగ్ జంప్‌లో ఎంత చేసినా ముందుకు పోవడం లేదంట. "నాది ఫ్లాట్ ఫుట్ సార్. అందుకే కాళ్లల్లో పవర్ రావడం లేదు" అన్నాడు. ఎవరు చెప్పినారప్పా అని అడిగితే, బూట్లు కొన్న దుకాణంలో చెప్పినారన్నాడు. బూట్లకు 6 వేలు, వాటిలో వేసుకునే మెత్తలకు ఇంకో 2 వేలు. ఆ డబ్బు వాళ్లమ్మ బండల ఫ్యాక్టరీలో కూలి చేసి కూడబెట్టింది.

ముప్పై ఏళ్లు ఈ చుట్టుపక్కల బళ్లల్లో డ్రిల్లు మాస్టరుగా పనిచేసినవాణ్ణి. నాకు కడుపు మండింది. "బూట్లు విప్పు నాయనా" అన్నాను. కొళాయి దగ్గర కాలు తడిపించి, గట్టు పక్కనున్న బేతంచెర్ల బండ మీద అడుగు వేయించాను. అడుగు నిండుగానే పడింది, లోపలి వైపు వంపు తక్కువే. తర్వాత మునివేళ్ల మీద లేచి నిలబడమన్నాను. లేవగానే అరికాలి కింద గూడులాగా వంపు తేలింది. ఇక ఒంటికాలి మీద మడమ ఎత్తి దించుతూ లెక్కపెట్టమన్నాను. పదకొండుకే పిక్క వణికి కాలు దించేశాడు. గట్టి కాలున్న వయసు మనిషి పాతిక సార్లు లేవాలని ఫిజియోథెరపీ వాళ్ల లెక్క. ఈ పిల్లోడి వయసు ఇరవై రెండు.

మా రోజుల్లో ఈ లెక్కలు ఎవరికీ తెలియవు, అవసరం కూడా పడలేదు. 1960ల్లో నేను బడికి పోయేది మైళ్ల దూరం, ఎర్రనేల మీద వట్టి కాళ్లతో. దారిలో పల్లేరుగాయలు గుచ్చుకుంటే ఒంటికాలి మీద నిలబడి పీక్కునేవాళ్లం. అదే మాకు బ్యాలెన్సు పాఠం. బడి వదిలితే కుంటుడాట, తొక్కుడుబిళ్ల, చెడుగుడు. చెడుగుడులో కూత పట్టి పోయేవాడు కాలివేళ్లతో నేలను పట్టుకునేవాడు. ఆ పట్టు లేనివాణ్ణి ఎంత లావున్నా ఇద్దరు చాలు, ఈడ్చి పడేస్తారు. పండగొస్తే ఊరి చావిడి ముందర గుండు ఎత్తే పందెం. గుండు గుండెల దాకా రావాలంటే బలం ముందు నేలనుంచి పుట్టాలని మా పెద్దలు చెప్పేవాళ్లు. అరికాలు ఆనకపోతే నడుము పోతుంది.

చెక్కభజన సంగతి చెప్పకపోతే మా సీమ కాళ్ల కథ పూర్తి కాదు. ఇరవై మంది కాళ్లకు గజ్జెలు కట్టి, చేతుల్లో చెక్కలు పట్టి, రాత్రి మొదలుపెడితే కోడికూసే దాకా వలయంగా తిరిగేవాళ్లు. అడుగు మారినప్పుడల్లా గెంతాలి, గెంతినప్పుడల్లా మునిపాదం మీద మెత్తగా దిగాలి. మడమ కొట్టి దిగినవాణ్ణి గురువు ఆపేసి మళ్లీ వేయించేవాడు. ఈ కాలం కోచ్‌లు డబ్బులు తీసుకుని నేర్పించే గెంతుడు వ్యాయామాలన్నీ మాకు దేవుడి పాటలతో కలిసి వచ్చాయి. ద్రోణాచలం (ఇప్పటి డోన్) స్టేషన్లో మీటర్ గేజ్ బళ్ల దగ్గర బస్తాలు మోసే హమాలీల కాళ్లు చూసినవాళ్లకు తెలుసు. వేళ్లు విసనకర్రలాగా విచ్చుకుని ఉండేవి. మనిషి ఊగేవాడు కాదు.

ఇప్పుడు చూడండి. మూడేళ్ల బిడ్డకు ఎల్‌కేజీలో సాక్సులు, నల్లబూట్లు. ఇంట్లో పాలరాళ్లు, వాకిట్లో సిమెంటు, వీధి చివరి అంగడికి బండి. గొంతుక్కూర్చునే పని ఇంట్లో ఒక్కటీ మిగల్లేదు, ఆఖరుకు మరుగుదొడ్డిలో కూడా. ఆటల పీరియడ్‌లో లెక్కల సారు వచ్చి కూర్చుంటాడు. ఇట్లా పెరిగిన కాలు పాతికేళ్లు వచ్చాక ఒక్కసారిగా ఆదివారం షటిల్ కోర్టులోకి దిగుతుంది. నలభై దాటినాక డాక్టరు నడవమన్నాడని గ్రౌండుకొస్తుంది. నెల తిరక్కుండానే మడమ శూల, మోకాలి నొప్పి. అప్పుడు మళ్లీ దుకాణమే దిక్కు.

పాదంలో ఏముందో ఒకసారి తెలుసుకుంటే దాన్ని ఇట్లా పెట్టెలో పెట్టి మూసేయరు. ఒక్కో పాదంలో 26 ఎముకలు, 30కి పైగా కీళ్లు, అరికాలి కింద నాలుగు పొరలుగా కండరాలు. మడమనుంచి వేళ్ల దాకా అరికాలి కింద ఒక గట్టి పట్టీ ఉంటుంది. నడకలో మడమ లేచి బొటనవేలు వెనక్కి వంగినప్పుడు ఆ పట్టీ బావి గిలక మీద చేంతాడులాగా బిగుసుకుంటుంది, అరికాలి వంపు పైకి లేస్తుంది. అంతసేపూ మెత్తగా ఉన్న పాదం ఆ క్షణంలో గునపంలాగా గట్టిపడి నేలను తంతుంది. హిక్స్ అనే డాక్టరు దీన్ని 1954లో వివరించాడు. పరుగులో కాలు నేలకు ఆనినప్పుడు పుట్టే శక్తిలో ఇంచుమించు 17 శాతాన్ని ఈ వంపు దాచి తిరిగి ఇస్తుందనీ, మడమ వెనక స్నాయువు సుమారు 35 శాతం ఇస్తుందనీ 1987లో ఇంగ్లండు పరిశోధకులు లెక్కగట్టారు. తొడలో ఎంత బలమున్నా, పాదం సడలి ఉంటే ఆ బలం మెత్తటి పరుపు మీదనుంచి దూకినట్టు ఇంకిపోతుంది. పవర్ అంటే బలానికి వేగం తోడవడం. ఆ వేగం నేలను వదిలే ఆఖరి చోటు బొటనవేలు.

చిన్నప్పటి చెప్పుల సంగతి నా చాదస్తం అనుకునేవాళ్లకు ఒక లెక్క చెబుతాను. ఉదయ భాస్కర రావు, బెంజమిన్ జోసెఫ్ అనే ఇద్దరు డాక్టర్లు 2,300 మంది పిల్లల పాదముద్రలు తీసి 1992లో ఎముకల వైద్యుల పత్రికలో అచ్చువేశారు. చెప్పులు, బూట్లు వేసుకునే పిల్లల్లో చదునుపాదం, అదే ఫ్లాట్ ఫుట్, 8.6 శాతం, వట్టి కాళ్లతో తిరిగేవాళ్లలో 2.8 శాతం. వేళ్లు మూసేసే బూట్లు వేసేవాళ్లలో ఎక్కువ, తెరిచి ఉండే చెప్పుల వాళ్లలో తక్కువ. ఇది మన దక్షిణాది పిల్లల లెక్క. బడి బూట్లు కొనే ముందు ఒక్క హెడ్మాస్టరైనా దీన్ని చదివినాడా?

అయితే ఆ పిల్లోడికి దుకాణంలో చెప్పిన మాట కూడా తప్పే. ఇప్పుడు పాదాన్ని కొలవడానికి ఆరు గుర్తుల పద్ధతి ఉంది. మనిషిని నిలబెట్టి వెనకనుంచి, పక్కనుంచి చూసి, ఒక్కో గుర్తుకు మైనస్ 2 నుంచి ప్లస్ 2 దాకా మార్కు వేస్తారు. మొత్తం సున్నా నుంచి 5 దాకా వస్తే మామూలు పాదం, 6, ఆపైన వస్తే లోపలికి వాలిన పాదం, సున్నాకు కిందైతే బయటికి వాలిన పాదం. మంచి పద్ధతే. కానీ అది నిలబడిన కాలి వాలు చెబుతుంది. ఆ కాలు ఎంత ఎత్తు ఎగురుతుందో చెప్పాలంటే ఎగిరించి చూడాలి. కెనడా సైనికుల పాదాలు పరీక్షించిన హారిస్, బీత్ అనే డాక్టర్లు 1947లోనే చెప్పారు: మునివేళ్ల మీద లేస్తే వంపు తేలే, నొప్పి లేని చదునుపాదం ఒక లోపం కాదని. మన సైన్యం సెలక్షన్లలో మునివేళ్ల మీద లేచినా వంపు రాని, బిగుసుకుపోయిన చదునుపాదాన్ని పక్కన పెడతారు కాబట్టి ఊర్లల్లో పిల్లలకు ఆ మాటంటేనే భయం. ఆ భయమే కొందరికి వ్యాపారమైంది. పాదం గట్టిగా బిగుసుకుపోయి మునివేళ్ల మీద లేచినా వంపు రాకపోతే, నొప్పి ఉంటే, ఒక కాలే కొత్తగా చదునైతే, అప్పుడు పోవాల్సింది ఎముకల డాక్టరు దగ్గరికి.

1960 రోమ్ ఒలింపిక్స్‌లో అబెబె బికిలా వట్టి కాళ్లతో మారథాన్ గెలిచిన ముచ్చట మా డ్రిల్లు సారు క్లాసులో చెబితే ఒళ్లు పులకరించింది. అదే బికిలా 1964 టోక్యోలో బూట్లు వేసుకుని ఇంకా తక్కువ సమయంలో గెలిచాడు. సారు ఆ రెండో సంగతి కూడా చెప్పి, "కాలు ముందు తయారైందిరా, బూటు తర్వాత వచ్చింది" అన్నాడు. నా ఉద్యోగమంతా ఆ ఒక్క మాట మీదే నడిచింది.

వట్టి కాళ్ల కాలమంతా బంగారమని నేను చెప్పను. చెప్పులు కొనే స్తోమత లేకే అట్లా తిరిగినాం. మడమలు పగిలి నెత్తురు కారేది. ఆనెలు లేచేవి. ఆరుబయటి నేలనుంచి కొంకిపురుగు అరికాలి గుండా ఒంట్లోకి చేరి పిల్లల రక్తం తాగేది. ఈరోజు సర్కారు బడి బిడ్డకు కూడా బూట్లు అందుతున్నాయంటే సంతోషమే. చక్కెర జబ్బు ఉన్నవాళ్లు, అరికాళ్లు మొద్దుబారినవాళ్లు ఇంట్లో కూడా చెప్పులు విడవకూడదు. నా కోపం బూటు మీద లేదు. పొద్దున తొడిగి రాత్రి విప్పేదాకా అరికాలికి ఒక్క పనీ చెప్పని మన బతుకు మీద ఉంది.

కాబట్టి బళ్లకు, తల్లిదండ్రులకు నా మాట ఒకటే. ఆటల పీరియడ్ ఆటలకే వదలండి. గ్రౌండులో గాజుపెంకులు, ముళ్లు ఏరించి, రోజుకు అరగంట పిల్లల బూట్లు విప్పించి మట్టిలో ఆడనివ్వండి. ఐదారేళ్ల లోపు బిడ్డ పాదం చదునుగా కనిపిస్తే బెదిరిపోకండి, వంపు మెల్లగా తేలుతుంది. పెద్దవాళ్లు గోడ పట్టుకుని రోజూ ఒంటికాలి మీద మడమలెత్తండి. వేళ్లు ముడవకుండా అరికాలిని మాత్రం లోపలికి కుదించి కాసేపు బిగబట్టండి. గొంతుక్కూర్చుని లేవండి. నెలలు గడిచాక మెల్లగా గెంతండి. ఇన్నేళ్లు పడుకున్న కాలిని ఒక్కరోజులో పరుగెత్తిస్తే విరిగేది కాలే.

ఆ పిల్లోడు రోజూ వచ్చాడు. ముందు మడమలు, తర్వాత బస్కీలు, నెలలు గడిచాక ఒంటికాలి గెంతులు. పోయిన సోమవారం ఒంటికాలి మీద ఇరవై మూడు లెక్కపెట్టాడు. ఇసుక గుంతలో దూకితే గుర్తు పాత గీతకు జానెడు ముందు పడింది. వాడే కొళాయి దగ్గరికి పోయి కాలు తడుపుకొచ్చి, అదే బండ మీద అడుగు వేసి చూసుకున్నాడు. అడుగు మొదటిరోజు ఎట్లా పడిందో అట్లే, నిండుగా పడింది.